పదైదేండ్ల పిల్లోడికి పసుపూ కుంకుమా

దసరా రోజుల్లో ప్రొద్దుటూరు నిద్రపోదు. అమ్మవారిశాల ముందర అర్ధరాత్రి దాటినా జనం తగ్గరు. బంగారంగళ్ళ వీధుల్లో ఆ దీపాల కింద పగలో రాత్రో పోల్చుకోలేం. మైసూరు తర్వాత మాదే దసరా అని ఊళ్ళో ప్రతివాడూ అంటాడు, మైసూరు చూడనివాడు ఇంకొంచెం గట్టిగా అంటాడు. 2025 దసరాలో, సెప్టెంబరు 28 ఆదివారం నాడు, ఆ సందడి మధ్యనే ఎవరూ టపాకాయ కాల్చని పుట్టినరోజొకటి వచ్చి పోయింది. రాతపనికీ లెక్కలకూ వాడుకునే ఉచిత సాఫ్ట్‌వేరు లిబ్రే ఆఫీసుకు ఆ రోజు పదిహేనేళ్ళు నిండినాయి. మా యాసలో పదైదేండ్లు.

నాకది గుర్తుండిపోయింది ఆయుధపూజ వల్ల. మహానవమి నాడు మా సీమలో బొట్టు పడని పనిముట్టు ఉండదు. మడక, గొర్రు, మగ్గం, బంగారంగడి త్రాసు, దర్జీ కత్తెర, ట్రాక్టరు, బోరు బండి. డీటీపీ సెంటరులో అయితే మానిటరుకూ ప్రింటరుకూ బంతిపూలు పెట్టి, బొరుగులూ బెల్లమూ పంచుతారు. భక్తి ఎక్కువై కీబోర్డు మీద కుంకుమ చల్లి, వారం రోజులు మీటలు అంటుకుపోతున్నాయని తిట్టుకున్న వాళ్ళను కూడా చూసినా.

బొట్టు పెట్టేది పనిముట్టుకు కదా. మరి కంప్యూటరులో పనిముట్టు ఏది? రేకు డబ్బా కాదు. అర్జీ రాసేదీ లెక్క వేసేదీ లోపలుండే సాఫ్ట్‌వేరు. నేను ఏండ్ల తరబడి కూర్చుని టైపు చేసిన అంగట్లో ఆ లోపలిది మేం కొన్నది కాదు. ఒక పిల్లోడు సీడీ తెచ్చి, తాళం పగలగొట్టిన ఆఫీసు సాఫ్ట్‌వేరు ఎక్కించి, చేతిఖర్చుకు ఏదో తీసుకొని పోయేవాడు. పోతూ పోతూ, "నెట్టు తగిలియ్యాకండి సార్, కనుక్కుంటాది" అని జాగ్రత్త చెప్పేవాడు. అరువు తెచ్చిన కొడవలికి బొట్టు పెట్టినా తప్పు లేదు, మన చేను కోసిపెట్టింది. దొంగిలించిన కొడవలికి పెట్టాలంటే చెయ్యి కొంచెం వణుకుతుంది. మా అంగట్లో లిబ్రే ఆఫీసు ఎక్కించి ఆ వణుకు పోగొట్టుకున్న ఏడు నాకింకా గుర్తే. అందుకే పండగ వారంలో పుట్టినరోజు వచ్చిన ఈ పిల్లోడికి ఈ అభినందన.

వయసు పదిహేనే గానీ వంశం పాతది. 1985లో జర్మనీలోని ల్యూనెబర్గ్ ఊళ్ళో మార్కో బోరీస్ అనే పదహారేళ్ళ కుర్రాడు స్టార్ డివిజన్ అని కంపెనీ పెట్టి, స్టార్‌రైటర్ అనే రాతపని ప్రోగ్రాము అమ్మడం మొదలుపెట్టినాడు. దానికి లెక్కల పట్టికలూ బొమ్మలూ తోడై స్టార్ ఆఫీస్ అయింది. 1999లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొనేసింది. ఎందుకు కొనిందో సన్‌లో పనిచేసిన సైమన్ ఫిప్స్ తర్వాతెప్పుడో బయటపెట్టినారు. దాదాపు 42,000 మంది ఉద్యోగులకు మైక్రోసాఫ్ట్ లైసెన్సులు కొనడం కన్నా, ఆఫీసు సాఫ్ట్‌వేరు తయారుచేసే కంపెనీని కొనడమే చవక అనిపించిందట. రోజూ పాలు పోయించుకునే ఖర్చు లెక్క చూసి ఎనుమునే కొట్టంలో కట్టేసుకున్నట్టు. కట్టేసుకున్నాక వాళ్ళు చేసింది గొప్ప పని. 2000 అక్టోబరు 13న దాని సోర్సు కోడంతా లోకం ముందర పెట్టినారు. చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దాని పేరు ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్.

పదేళ్ళకు యజమాని మారినాడు. 2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ కొన్నది. కొత్త యజమాని మనసులో ఏముందో తెలియక, అప్పటిదాకా ఆ కోడు మీద చెమటోడ్చిన వాళ్ళకు దిగులు పట్టుకుంది. ఆ సెప్టెంబరు 28న వాళ్ళు డాక్యుమెంట్ ఫౌండేషన్ అని వేరుకుంపటి పెట్టినారు. పాత పేరు మాకియ్యండి అని ఒరాకిల్‌ను అడిగినారు, ఇయ్యలేదు. అందుకని స్వేచ్ఛ అనే అర్థమొచ్చే 'లిబ్రే' తగిలించుకున్నారు. 2011 జనవరి 25న మొదటి విడుదల వచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ ఫౌండేషన్ బెర్లిన్‌లో చట్టప్రకారం నమోదయింది.

ఇట్లా కోడు తీసుకొని వేరుపడటం దొంగతనం కాదా అని కొందరు అడుగుతారు. కడప వాళ్ళు ఆ మాట అడగగూడదు. 1820లో మా జిల్లాకు వచ్చిన బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి చేయించిన పని ఇదే. ఒకే వేమన పద్యం ఒక్కో తాళపత్రంలో ఒక్కో రకంగా ఉండేది. వాటిని తెప్పించి, పోల్చించి, తప్పులు దిద్దించి, నకళ్ళు రాయించి, 1829లో అచ్చు వేయించినాడు. తాటాకు కట్ట ఏ జమీందారు అటక మీదనో ఉంటే, ఆ ఇల్లు అమ్ముడుపోయిన నాడు కట్ట కూడా పోతుంది. ముందే నకలు రాసుకున్న వాడికి నష్టం లేదు. 2010లో జరిగిందీ అంతే, ఇల్లు అమ్ముడుపోయింది, నకలు మిగిలింది. 2000లో ఇచ్చిన లైసెన్సు ఆ నకలు రాసుకునే హక్కును ముందే చేతిలో పెట్టింది కాబట్టి ఎవరి గడపా తొక్కాల్సిన పని పడలేదు.

ఇంక నా సంగతి. నేను పుట్టింది తుమ్మలపల్లె, పొట్ట చేతపట్టుకొని చేరింది ప్రొద్దుటూరు. వేముల మండలంలో తుమ్మచెట్ల పేరు పెట్టుకున్న మా పల్లెను ఇప్పుడు బయటివాళ్ళు యురేనియం గనితోనే గుర్తుపడతారు. గని వచ్చినాక మా వైపు అరటీ చీనీ తోటలతో పాటు కాగితాలు కూడా బాగా పండినాయి. భూమి సర్వే నంబర్ల కాగితాలు, ఉద్యోగం కోసం అర్జీలు, ఆ అర్జీ ఏమైందని అడిగే అర్జీలు. మా ఊరివాళ్ళు ఎక్కడికి పోయినా టైపు చేసేవాడి దగ్గర ఒకసారి కూర్చుంటారు. అందుకని, రాసిన కాగితం ఇరవై ఏండ్ల తర్వాత మళ్ళీ తెరుచుకుంటుందా లేదా అన్నది మాకు కంప్యూటరు పిచ్చోళ్ళ చర్చ కాదు.

నా అనుభవం ఒకటి చెప్తా. 2003లో మా నాయన దగ్గర కూర్చుని ఆయన చెప్పే కతలు టైపు చేసుకున్నా. దేవర నాటి ముచ్చట్లు, కరువు ఏండ్లలో గంజికేంద్రాల సంగతులు, ఒక నక్క కత ఆయన చెప్తే తప్ప నవ్వు రానిది. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న ఏదో ఫాంటు, ఏదో పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు, పేర్లు ఎందుకులెండి. సీడీలో దాచుకున్నా. నాయన పోయినాక ఒకనాడు తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ నెత్తిన చుక్కలూ. ఫాంటు లేదు, ఆ ఫాంటుకు తాళంచెవిగా ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కా లేదు. తెలుగు అక్షరం అనుకొని నేను దాచింది తెలుగు అక్షరమే కాదు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు అక్షరం.

ప్రొద్దుటూరుకు దగ్గర్లోనే, యర్రగుంట్ల మండలంలో, థర్మల్ ప్లాంటు పక్కన కలమళ్ళ అని ఊరుంది. అక్కడి చెన్నకేశవస్వామి గుళ్ళో దొరికిన రాతి మీద రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. క్రీ.శ. 575 నాటిదని, మనకు దొరికిన తొలి తెలుగు శాసనం అదేనని చరిత్రకారులు చెప్తారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు మన పక్షాన సాక్ష్యం చెప్పిన రాళ్ళలో అదొకటి. కొన్ని పంక్తులు చెరిగిపోయినా మిగతావి లిపి తెలిసినవాడు నేటికీ చదువుతాడు. 575 నుంచి 2025కు సరిగ్గా 1,450 ఏండ్లు. నా సీడీ ఆయుష్షు పదేండ్లు కూడా లేదు.

లిబ్రే ఆఫీసుకు నేను దండం పెట్టేది ఉచితమని కాదు, దాని ఫైలు గుణానికి. ఓడీటీ అనే దాని పద్ధతి ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. 2005 మేలో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ, 2006లో ఐఎస్‌వో దాన్ని ఆమోదించినాయి, 26300 అని నంబరు. నమ్మకం లేకపోతే ఒక ఆట ఆడి చూడండి. మీరు యూనికోడ్ తెలుగులో రాసి దాచుకున్న ఓడీటీ ఫైలుకు నకలు తీసి, పేరు చివర ఓడీటీ తీసేసి జిప్ అని రాయండి. అది మూట విప్పినట్టు విప్పుకుంటుంది. లోపల కంటెంట్.ఎక్స్‌ఎంఎల్ అని ఒకటుంటుంది. దాన్ని మామూలు నోట్‌ప్యాడులో తెరవండి. బోలెడన్ని గుర్తుల నడుమ మీ తెలుగు వాక్యాలు రాతిలో చెక్కినట్టు కనబడతాయి. లిబ్రే ఆఫీసు రేపు మూతపడినా ఆ వాక్యాలు అక్కడే ఉంటాయి. ఆ ఆట మొదటిసారి ఆడిన రోజు నేను అంగట్లో అందరినీ పిలిచి చూపించినా. "దీనికేముంది అన్నా, మామూలు తెలుగే కదా" అన్నాడు పక్క కుర్చీ పిల్లోడు. వాడికి నాయన కతల సంగతి తెలీదు.

తెలుగు అక్షరం ఆ తెర మీద కుదురుగా కూర్చోవడానికి ఎన్ని దేశాల చేతులు పడినాయో తలుచుకుంటే ముచ్చటేస్తుంది. 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద టవత్తు, దాని పక్కన రవత్తు సరిగ్గా పడాలి. మునుపు లిబ్రే ఆఫీసు ఈ పని విండోసులో ఒకరికి, మ్యాకులో ఇంకొకరికి, లినక్సులో మరొకరికి అప్పగించేది, ఒక్కోచోట ఒక్కో తీరు. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3 నుంచి అన్నిచోట్లా ఒక్కడే కూలీ. పేరు హార్ఫ్‌బజ్. రాసింది ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఇస్ఫహ్‌బోద్. హర్ఫ్ అంటే ఏమని మా ప్రొద్దుటూరు సాయిబుల ఇండ్లల్లో ఉర్దూ చదివిన ఎవరినైనా అడగండి, అక్షరం అని ఠక్కున చెప్తారు. బాజ్ అంటే పారసీకంలో తెరిచినది. ఒక పారసీకపు మాట మన వత్తులు మోస్తోంది.

అక్షరదోషాలు పట్టే హన్‌స్పెల్ కథ ఇంకా బాగుంటుంది. దాన్ని రాసిన నేమెత్ లాస్లో హంగేరీ మనిషి. హంగేరీ భాషలో కూడా మన భాషలో లాగే మాట చివర ప్రత్యయాల మీద ప్రత్యయాలు ఎక్కి కూర్చుంటాయి. ఇంగ్లీషు కోసం చేసిన దోషపరిశీలన యంత్రాలు ఆ బరువు మోయలేక చతికిలబడితే, ఆయన తన భాష కోసం ఇంకొకటి కట్టుకున్నాడు. ఇప్పుడు ఫైర్‌ఫాక్సులో, క్రోములో కూడా అదే. లిబ్రే ఆఫీసుతో వచ్చే తెలుగు పదాల పట్టికను నడిపేదీ అదే. అయితే ఆ పట్టిక ఇంకా చిన్నది. మా సీమ మాటలంటే మరీ చిన్నచూపు. నేను 'గెనిమ' అని రాస్తే ఎర్రగీత, 'జేజి' అని రాస్తే ఎర్రగీత. ఆ ఎర్రగీతలు చూసి కోపం తెచ్చుకునే బదులు, పదాలు చేర్చిపెట్టే వాళ్ళు మనలోంచే రావాలి. పుట్టినరోజు పూట పిల్లోడి మీద అలగడం ఎందుకు.

రాయడానికి అక్షరాల రూపాలూ కావాలి. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అని రెండు యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చినారు. 2012 తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల వేళకు రాష్ట్ర ప్రభుత్వమూ సిలికానాంధ్ర సంస్థా కలిసి మరికొన్ని తెచ్చినాయి. వాటిలో రాయల సభ కొలువు తీరి ఉంటుంది, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, ఆఖరికి శ్రీకృష్ణదేవరాయలూ. పెద్దన మా కమలాపురం పక్కన కోకటం వాడని మా జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు, కాబట్టి నేను పెళ్ళిపత్రికలకు పెద్దననే వాడతా. ఇంకా వెనక్కి పోతే, 2005లోనే కేంద్ర ప్రభుత్వం తెలుగు సాఫ్ట్‌వేరు సీడీలు ఉచితంగా పంచింది. అందులో సీడాక్ సంస్థ తెలుగు చేసిన భారతీయ ఓపెన్‌ఆఫీస్ ఉండేది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులోనే మాట్లాడే లినక్సు తెచ్చి, పిల్లల కోసం బాలస్వేచ్ఛ కూడా చేసినారు. లిబ్రే ఆఫీసు మెనూలను తెలుగు చేసిన వాళ్ళల్లో చాలామంది పేర్లు ఏ పత్రికలోనూ పడలేదు. వాళ్ళకు జీతం కూడా లేదు. 'పేస్ట్' అన్న మాటకు తెలుగు ఏమిటని తలలు పగలగొట్టుకున్న వాళ్ళకు ఒక శాలువా బాకీ ఉన్నాం.

దేశం సంగతి క్లుప్తంగా. 2007లో మైక్రోసాఫ్ట్ తన ఫైలు పద్ధతిని కూడా అంతర్జాతీయ ప్రమాణం చేయమని తెచ్చినప్పుడు భారతదేశం వద్దని ఓటేసింది. కేరళ బడుల్లో పిల్లలు నేర్చుకునేది లిబ్రే ఆఫీసే. ఈ-కోర్టుల పథకంలో కింది కోర్టులకు ఉబంటు లినక్సు ఎంచుకున్నారు, ఉబంటు 2011 ఏప్రిల్ నుంచి లిబ్రే ఆఫీసుతో రావడం మొదలుపెట్టింది. జమ్మలమడుగు మనిషి తన వాయిదా గురించి కంగారు పడుతూ కోర్టు మెట్లెక్కినప్పుడు ఈ పిల్లోడు లోపలెక్కడో కూర్చుని ఉంటాడని తెలీదు. పైదేశాల్లో మ్యూనిక్ నగరం 2003లో ఈ దారి పట్టి, 2017లో వెనక్కి మళ్ళింది. దాన్ని చూపించి నవ్విన వాళ్ళు ఉన్నారు. ఇప్పుడు అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 కంప్యూటర్లను లిబ్రే ఆఫీసుకు మార్చే పని 2024లో మొదలుపెట్టింది. ఆస్ట్రియా సైన్యం 16,000 కంప్యూటర్లలో పెట్టుకుంది. సైన్యమే పెట్టుకుందంటే ఆయుధపూజలో దీనికి చోటివ్వడానికి ఇంకెవరి సిఫారసూ అక్కర్లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, అభినందన వ్యాసమని దాచిపెట్టను. ఆడిటరు దగ్గర్నుంచి వచ్చే మాక్రోల ఎక్సెల్ ఫైలు దీంట్లో ఒక్కోసారి మొండికేస్తుంది. అవతలివాళ్ళు పంపిన డాక్స్ ఫైలులో పట్టికలు గీత దాటి పక్క పేజీలోకి జారుతాయి. బ్యాంకు దరఖాస్తు అట్లా జారితే తిట్లు పడేది టైపు చేసేవాడికి. ఇంకో చిక్కు పాత పేరుతో వచ్చింది. ఒరాకిల్ 2011లో ఓపెన్‌ఆఫీసును అపాచే సంస్థకు ఇచ్చేసింది, అది ఆ పేరుతోనే ఇంకా బతికి ఉంది, కానీ 2014లో మొదలైన 4.1 వరుస దాటి కదల్లేదు. జనం పాత పేరు గుర్తుపెట్టుకొని దాన్నే దింపుకొని, "ఇదేంది ఇంత పాతగా ఉంది" అని మొహం తిప్పుకుంటారు. మీరు వెతకాల్సిన పేరు లిబ్రే ఆఫీసు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. ప్రొద్దుటూరులో ఎన్ని అంగళ్ళల్లో ఆ పాత పెట్టెలు ఉన్నాయో నాకు తెలుసు. వాటిని పాత ఇనుముకు వేసే ముందు లినక్సూ లిబ్రే ఆఫీసూ ఎక్కించి ఒక నెల చూడండని ఎవరు కనబడినా చెప్తున్నా. కొందరు విన్నారు. కొందరు "అదంతా నీకెందుకు నాయనా" అన్నారు.

ఈ పిల్లోడి ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఒకటుంది. స్టార్ డివిజన్ వాళ్ళు కోడు రాసేటప్పుడు పక్కన వివరణలు జర్మనులో రాసుకున్నారు. లోకమంతా ఆ కోడు చదవాలంటే జర్మను రాదు కదా. అందుకని 2010 తర్వాత కొత్తగా వచ్చిన వాళ్ళకు ఫౌండేషన్ వాళ్ళు ఇచ్చిన తేలిక పనుల్లో ఒకటి, ఆ జర్మను వివరణలను ఇంగ్లీషు చేయడం. అట్లా ఏండ్ల తరబడి ఎందరో కొన్ని కొన్ని పంక్తులు తిప్పినారు. ప్రోగ్రాము రాయడం సరిగ్గా రానివాడు కూడా ఆ ఇంట్లో ఒక గోడకు సున్నం కొట్టొచ్చన్న మాట. 2025 సెప్టెంబరులో వాళ్ళ వార్షిక సమావేశం బుడాపెస్టులో, హన్‌స్పెల్ పుట్టిన దేశంలో జరిగింది. తెలుగు పదపట్టిక పెంచడానికి అక్కడిదాకా పోనక్కర్లేదు, ప్రొద్దుటూరు నుంచే చేయొచ్చు.

అక్టోబరు 1, మహానవమి పొద్దున. అంగడి కడిగి ముగ్గేసినారు. బూడిద గుమ్మడికాయ గడప దగ్గర పెట్టి ఉంది, కుంకుమ కలిపిన పళ్ళెం బల్ల మీద. పూజ ఇంకా మొదలు కాలేదు, మా ఊరి నుంచి ఒక పెద్దాయన సంచి పట్టుకొని లోపలికొచ్చినాడు.

"పండగపూట వచ్చినా, ఏమనుకోవాకు నాయనా. రేపు దశమి, ఎల్లుండి ఆఫీసులో ఇయ్యాల. ఒక్క అర్జీ."

"కూచో చిన్నాయనా. చెప్పు."

ఆయన చెప్పినాడు, నేను రాసినా. పేరు, ఇంటిపేరు, సర్వే నంబరు, తుమ్మలపల్లె గ్రామం, వేముల మండలం. తుమ్మలపల్లె కింద ఎర్రగీత పడింది. ఆయన ముందుకు వంగి చూసి, "తప్పు పడిందా?" అన్నాడు. లేదు చిన్నాయనా, దీనికి మన ఊరు తెలీదు, అన్నా. కుడిమీట నొక్కి నిఘంటువులో చేర్చినా. గీత పోయింది. రెండు ప్రింట్లు తీసి ఇచ్చి, ఓడీటీ ఒకటి దాచినా. అంగడి యజమాని పళ్ళెం తీసుకొని వచ్చి మానిటరు నడినెత్తిన బొట్టు పెట్టి, చిన్నాయన చేతిలో గుప్పెడు బొరుగులు పోసినాడు. గుమ్మడికాయ కొట్టడానికి అందరం బయటికి నడిచినాం.